మందునకు బానిసలమగుదుమా?



పోయిన సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలిక యొకతె పాఠము ముగిసిన పిదప నా బల్లయొద్ద నిలిచి, "మాస్టారూ, మా అమ్మకి మూడు రాత్రులనుంచి నిద్ర లేదు. చేతులు వణుకుతున్నాయి. ఒకసారి ఆసుపత్రికి మాతో వస్తారా?" అని యడిగెను.

ఆ తల్లికి తీవ్రమైన ఆందోళనవ్యాధి కలదు. కారణము లేకయే గుండె దడదడలాడుట, ఊపిరి యాడనట్లుండుట, ఇప్పుడే ప్రాణము పోవునేమో యను భయము కలుగుట దాని లక్షణములు. వైద్యుడు రెండు మాత్రలు వ్రాసియిచ్చెను. నిద్రమాత్ర మూడు వారములు మాత్రమే వాడి మరల రమ్మని చీటిలో నుండెను. ఆమెకు ఒడియా చదువ రాదు. వైద్యునికి తెలుగు రాదు. పాత చీటితోనే మందు కొనుచు రెండు నెలలు వాడెను. అంతలో ఇరుగుపొరుగువారు "నిద్రమాత్ర మరిగితే ఇక వదలదు" అనిరి. ఆమె బెదరి, ఒకనాడు రెండు మాత్రలును ఒక్కసారిగా మానివేసెను.

ఆమె భయము నిష్కారణమా? కాదు. కాని భయము చూపిన మార్గము తప్పు.

ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున నిద్రకై బార్బిట్యురేట్లను మందులు వాడిరి. అవి మోతాదు మించినచో ప్రాణాపాయము, అలవాటును కలిగించును. పిదప లియో స్టెర్న్‌బాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనుగొనిన క్లోర్‌డయాజిపాక్సైడ్ 1960లోను, డయాజిపామ్ 1963లోను అంగళ్ళకు వచ్చినవి. ఇవి మునుపటివానికంటె క్షేమకరములని లోకము సంతోషించెను. ఇవియు అలవాటుపడునని క్రమముగా తేలినది. అల్ప్రజోలామ్, క్లోనజిపామ్ ఈ కుటుంబములోనివే.

మన మెదడులో ఉద్రేకమును అణచు గాబా యను రసాయన మున్నది. ఈ మాత్రలు దాని బలమును పెంచును. వారములతరబడి వాడినచో మెదడు ఆ సాయమునకు అలవాటుపడును. గెలవేసిన అరటిచెట్టునకు పెట్టిన ఊతకర్రను ఒక్కసారి లాగివేసినచో చెట్టు ఒరిగిపోవును గదా! అట్లే మందును హఠాత్తుగా మానినచో నిద్రలేమి, వణకు, మునుపటికంటె హెచ్చైన ఆందోళన కలుగును. ఒక్కొక్కప్పుడు మూర్ఛలును రావచ్చును.

ఇచట ఒక భేదమును గుర్తింపవలయును. శరీరము మందునకు అలవాటుపడుట వేరు, వ్యసనము వేరు. మందుకొఱకు అబద్ధమాడుట, మోతాదును తనంత తానే పెంచుకొనుట, హాని కనబడుచున్నను మానలేకపోవుట వ్యసనము. ఆ తల్లి వ్యసనపరురాలు కాదు. ఆమె సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

ఎఱుగక వాడినవారి గతి యెట్లుండునో తెలంగాణము మనకు నేర్పినది. 2015లో నిజామాబాదు మొదలగు జిల్లాలలో కల్తీకల్లుపై దాడులు జరిగి, అందు కలుపు మత్తుమందు హఠాత్తుగా తగ్గిపోగా, అనేకులు వణకుతోను, పిచ్చిచేష్టలతోను ఆసుపత్రుల పాలైరి. తాము త్రాగినది కల్లే యని వారనుకొనిరి. మందు ఒకటే, లెక్కయు, పర్యవేక్షణయు లేనిచోట అది విషమైనది. ఈ మాత్రలు వాడువారు సారాయి, కల్లు ముట్టరాదు; రెండును కలిసినచో శ్వాసయే నిలిచిపోవచ్చును.

2014 మార్చి 1వ తేదీనుండి అల్ప్రజోలామ్, డయాజిపామ్ వంటి మందులను హెచ్-1 పట్టికలో చేర్చిరి. వైద్యుని చీటి లేక వీనిని అమ్మరాదు. కొన్నవారి పేరును దుకాణదారుడు పుస్తకములో వ్రాయవలయును.

మరి ఏమి చేయవలయును? సాధారణముగా ఈ మాత్రలను రెండు మొదలు నాలుగు వారములకు మించి వాడరు. ఆ లోపల దీర్ఘకాలము వాడదగిన వేరొక మందు, సెర్ట్రలిన్ వంటిది, మెల్లగా పనిచేయ మొదలిడును. అది నిద్రమాత్రవలె మరులుకొలుపదు. ఐనను దానినిగూడ ఒక్కసారిగా మానరాదు. ఆలోచనారీతిని చక్కదిద్దు మాటల చికిత్సయు కలదు. దానికి మాత్ర యక్కరలేదు.

ఆనాడు నేను దుబాసినై ఆ తల్లి ప్రశ్నను వైద్యునికి చెప్పితిని: "ఈ మాత్ర నన్ను పట్టుకొని వదలదా, బాబూ?" ఆయన నవ్వలేదు. కాగితముపై వారమునకు కొంత చొప్పున మోతాదు తగ్గించు పట్టిక గీసియిచ్చెను. నేను దానిక్రింద తెలుగులో వ్రాసితిని. పది వారములకు నిద్రమాత్ర నిలిచినది. నడుమ రెండు వారములు ఆమె మిక్కిలి బాధపడెను. అప్పుడు వైద్యుడు తగ్గింపును కొంతకాలము ఆపెను. రెండవ మందును నేటికిని వాడుచున్నది.

పిల్లలారా! మన లంజిపల్లిలో ఇంట తెలుగు, ఆసుపత్రిలో ఒడియా. మీకు రెండును వచ్చును. పెద్దలవెంట వెళ్ళి ఈ రెండు ప్రశ్నలడుగుడు: "ఎహి ఔషధ కెతె దిన ఖాయిబి?" అనగా ఈ మందు ఎన్నిదినములు తినవలెను? "కెమితి కమాయిబి?" అనగా ఎట్లు తగ్గించవలెను? జవాబును తెలుగులో వ్రాసి గోడకు అంటింపుడు. బరంపురములో 1962లో స్థాపింపబడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల ఆసుపత్రిలో మానసికవైద్య విభాగము కలదు. 2022 అక్టోబరునుండి టెలిమానస్ అను ప్రభుత్వసేవ 14416 అను సంఖ్యపై రాత్రింబగళ్ళు ఉచితముగా పలుకును.

భయము మందును మానిపింపరాదు, ప్రశ్నను అడిగింపవలయును.