టెర్రియరు సంకర పని కుక్కలు: వాటి స్వభావము, కరచు గుణము

ధాన్యపు కొట్టులో పందికొక్కు బొరియ ముందు నిలిచి వెనుదీయని కుక్క రైతుకు పెద్ద ఆస్తి. అదే కుక్క మరునాడు తన అన్నపు పళ్ళెము దగ్గరకు పాకుచు వచ్చిన పసిబిడ్డను కరచినచో ఆ ఇంటిల్లిపాదికి అది శత్రువుగా తోచును. "ఈ జాతియే అంత" అని కొందరందురు. "కోపము లేని కుక్క ఎలుకను ఎట్లు పట్టును?" అని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను సగమే సత్యమున్నది. పనిలో చూపు ధైర్యము వేరు, మనుష్యులను కరచు గుణము వేరు. మొదటిదానిని నిలుపుకొని రెండవదానిని తగ్గించుకొనుట చాలవరకు రైతు చేతిలోని పని. అది ఎట్లో ఈ పాఠములో తెలిసికొందము.

మన పల్లెలలో టెర్రియరు రక్తము గల కుక్కలు తక్కువ. అయినను ఎలుకలను పట్టుటకు, కావలికి పెంచుకొను చురుకైన ఊరకుక్కకు కూడ ఇందలి విషయములు చాలవరకు వర్తించును.

పుట్టుక, సంకరములు

టెర్రియరు అను పేరు 'భూమి' అను అర్థము గల ఫ్రెంచి మాట నుండి వచ్చినది. నక్కలు, ఎలుకలు మొదలగునవి దాగు బొరియలలో దూరి వాటిని వెలికి తరుముటకు బ్రిటనులోని రైతులు, వేటగాండ్రు ఈ కుక్కలను తరతరములుగా ఎంచి పెంచిరి. చీకటి కన్నములో యజమాని మాట వినబడదు. ఎదుట పళ్ళు చూపు జంతువుండును. అట్టి చోట తనంతట తాను నిర్ణయించుకొని, గాయపడినను వెనుకకు రాని కుక్కయే పనికివచ్చినది. అట్టి వాటినే జతకట్టించిరి. కనుకనే టెర్రియరులో త్వరగా ఉద్రేకపడుట, పట్టు విడువకుండుట, చిన్న జంతువు పరుగెత్తగానే వెంబడించుట కనబడును. ఇది రోగము కాదు, మానవుడు కోరి తెచ్చుకొన్న గుణము.

ఈ జాతిని ఇతర జాతులతో కలిపి అనేక సంకరములను తీసిరి. యార్క్‌షైరులోని ఎయిర్ నదీ లోయలో 19వ శతాబ్దపు మధ్య కాలమున బిరుసు వెంట్రుకల టెర్రియరును, నీటిపిల్లులను వేటాడు ఆటర్‌హౌండును కలిపి ఎయిర్‌డేలు టెర్రియరును సాధించిరి. దీనికి ఈత, వాసన పట్టుట ఒక ప్రక్క నుండి, సాహసము రెండవ ప్రక్క నుండి వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధములో ఈ కుక్కలు వార్తలు మోసినవి. టెర్రియరును వేగము గల విప్పెట్టు లేక గ్రేహౌండుతో కలిపినచో లర్చరు అను వేట సంకరము వచ్చును. అమెరికాలో టెర్రియరును బీగిలు మొదలగు జాతులతో కలుపగా ర్యాట్ టెర్రియరు ఏర్పడి, 20వ శతాబ్దపు మొదటి సగములో అచ్చటి పొలములలో విరివిగా పనిచేసినది.

దీనికి భిన్నమైన దారియు కలదు. బుల్‌డాగును టెర్రియరుతో కలిపి కుక్కల పందెములకు వాడిరి. బ్రిటనులో 1835లో చట్టము ఇట్టి క్రూర క్రీడలను నిషేధించినను రహస్యముగా పందెములు సాగినవి. అచ్చట తోటి కుక్కపై పడి పోరాడుటయే ఎంపికకు గురుతు. కావున సంకరము అను మాట మాత్రమే విని కుక్క గుణమును నిర్ణయింపరాదు. రెండవ సగము ఏ జాతి, దానిని ఏ పనికి ఎంచిరి అనునది విచారింపవలెను.

పరిశోధనలు చెప్పునది

అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున బార్ హార్బరు పరిశోధనాలయములో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఐదు జాతుల కుక్కపిల్లలను ఏండ్ల తరబడి పరిశీలించి 1965లో గ్రంథము ప్రకటించిరి. ఆ ఐదింటిలో ఫాక్స్ టెర్రియరు పిల్లలు తమలో తాము మిక్కిలి పోట్లాడినవి. కొన్ని ఈతలలో తోబుట్టువులన్నియు ఒకదానిపై పడుట వలన ఆ పిల్లను వేరుచేయవలసి వచ్చెను. జాతి ప్రభావము కలదనుటకు ఇది నిదర్శనము.

అయితే జాతి యొక్కటే సర్వము కాదు. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో 18,000కు పైగా కుక్కల యజమానులు ఇచ్చిన సమాధానములను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించిరి. కుక్కకు, కుక్కకు మధ్య నడవడిలో కనబడు భేదములో సుమారు 9 శాతము మాత్రమే జాతి వలన కలుగుచున్నట్లు తేలెను. భయమునకో బాధకో ఎంత సులువుగా రెచ్చిపోవుననునది జాతిని బట్టి చెప్పుటకు మరింత కష్టమని తెలిసినది. కనుక ఒకే ఈతలోని నాలుగు పిల్లలు నాలుగు విధములుగా ఉండవచ్చును.

కరచుటకు కారణములు

రోగమును గుర్తించిన గాని మందు చెప్పలేము. ఇదియు అట్టిదే.

1. వేట ప్రవృత్తి: ఎలుకను పట్టునప్పుడు కుక్క గుర్రుమనదు. చూపు నిలిపి, నక్కి, ఒక్క ఉదుటున పట్టి విదిలించును. ఇందులో కోపము లేదు. కాని కోడిపిల్లలు, మేకపిల్లలు పరుగెత్తినను ఇదే ప్రవృత్తి మేల్కొనును. వీటి నడుమ అట్టి కుక్కను ఒంటరిగా విడువరాదు.

2. భయము: తోక ముడిచి, చెవులు వెనుకకు వాల్చి, మూలకు ఒదిగిన కుక్క దారి లేనప్పుడు కరచును. మనుష్యులను కరచుటకు ఇది ముఖ్య కారణములలో ఒకటి. దీనిని కొట్టినచో భయము ఇంకను పెరుగును.

3. తనదనుకొన్న వస్తువు: పళ్ళెము, ఎముక, చంపిన ఎలుక దగ్గర బిగుసుకొని నిలుచును. చేతితో లాగికొనక, అంతకంటె మంచి తిండి చూపి మార్పిడి చేయుట అలవాటు చేయవలెను.

4. తోటి కుక్కలతో తగవు: ఒకే లింగము గల రెండు టెర్రియరు సంకరములను ఒకచోట పెంచుట కష్టము. తగవు వచ్చినప్పుడు నడుమ చేయి పెట్టరాదు. నీళ్ళు కుమ్మరించియో, చెక్క అడ్డుపెట్టియో విడదీయవలెను.

5. ఉద్రేకము మళ్ళుట: బొరియ దగ్గర ఊగిపోవుచున్న కుక్కను మెడపట్టి లాగినచో ఆ చేతినే కరవవచ్చును. ముందుగానే మెడపట్టీకి త్రాడు కట్టి ఉంచి, దానితో ఇవతలకు తీయుట మంచిది.

6. నొప్పి: ఇంతవరకు సాధువుగా నుండి హఠాత్తుగా కరచిన కుక్కకు చెవిపోటో, పంటి బాధో, లోపలి దెబ్బయో ఉండవచ్చును. నడవడి హఠాత్తుగా మారుట పిచ్చివ్యాధి లక్షణము కూడ కావచ్చును. దానిని చేతితో తాకక విడిగా బంధించి వెంటనే పశువైద్యునికి తెలియజేయవలెను.

పిల్లను ఎంచుట

పిల్ల కంటె ముందు తల్లిని చూడుడు. వీలైనచో తండ్రిని కూడ చూడుడు. క్రొత్త మనిషి వచ్చినప్పుడు మొరిగి, యజమాని మాటతో నెమ్మదించు తల్లి మంచిది. మూలకు నక్కి పళ్ళు చూపు తల్లి పిల్లలను తీసికొనరాదు. మనిషిని కారణము లేక కరచిన కుక్క ఎలుకలను ఎంత బాగుగా పట్టినను దానిని సంతతికి ఉపయోగింపకుడు. ఈ ఒక్క నియమము పాటించినచో రెండు మూడు తరములలో ఊరిలోని కుక్కల స్వభావము మెరుగుపడుటకు అవకాశమున్నది. ఎనిమిది వారములు నిండక పూర్వము పిల్లను తల్లి నుండి, తోబుట్టువుల నుండి వేరుచేయరాదు. గట్టిగా కరచిన ఆట ఆగిపోవునని పిల్ల నేర్చుకొనునది అచ్చటనే.

పెంపకము

మొక్కై వంగనిది మానై వంగునా? కుక్కకు ఆ మొక్క దశ మూడవ వారము నుండి సుమారు పన్నెండవ వారము వరకు. 1961లో ప్రకటింపబడిన ఒక ప్రయోగములో కొన్ని పిల్లలను పదునాలుగు వారముల వరకు మనిషి సాంగత్యము లేకుండ పెంచిరి. తరువాత ఎంత ప్రయత్నించినను అవి మచ్చిక కాలేదు. కనుక ఆ వారములలో పిల్లకు బిడ్డలను, వృద్ధులను, క్రొత్తవారిని, పశువులను, కోళ్ళను, బండి చప్పుడును మెల్లగా పరిచయము చేయవలెను. బెదరినచో బలవంతపెట్టరాదు.

పని కుక్కకు "రా", "విడు" అను రెండు మాటలు తప్పక నేర్పవలెను. మాట విన్న తక్షణమే చిన్న తిండి ముక్క ఇచ్చి మెచ్చుకొనవలెను. దినమునకు ఐదేసి నిమిషములు రెండు మూడు మారులు చాలును.

పగలంతయు పొట్టి గొలుసున కట్టి ఉంచుట మంచి కుక్కను కూడ చెడగొట్టును. పారిపోవు దారి లేనందున ప్రతి క్రొత్త మనిషియు దానికి శత్రువుగా తోచును. ఎల్లప్పుడు కట్టి ఉంచిన కుక్కకు వ్యాయామము లేకుండ చేయుట 1960 జంతు హింసా నివారణ చట్టము క్రింద నేరము. జంతువులను పోట్లాటకు ఉసిగొల్పుటయు నేరమే. కుందేళ్ళు మొదలగు అడవి జంతువులపై కుక్కలను వదలుటను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది.

రెండు సామెతలు

"మొరిగే కుక్క కరవదు" అను సామెతను నమ్మరాదు. మొరుగుట, గుర్రుమనుట హెచ్చరికలు. గుర్రుమన్నప్పుడెల్ల కొట్టినచో కుక్క గుర్రుమనుట మానును గాని కరచుట మానదు. హెచ్చరిక లేక కరచు కుక్క అన్నిటికంటె ప్రమాదకరమైనది.

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అను మాటయు శిక్షణకు పనికిరాదు. అమెరికాలో 2009లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, కుక్కను కొట్టిన లేక తన్నిన యజమానులలో 43 శాతము మంది తమ కుక్క అందువలన ఎదురుతిరిగినదని తెలిపిరి.

కుక్క కరచినచో

గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు పెట్టరాదు. అదే దినము ఆసుపత్రికి వెళ్ళి టీకా ఆరంభించి, వైద్యుడు చెప్పిన దినములన్నిటికిని పూర్తిగా వేయించుకొనవలెను. ఇంటి కుక్క అని అశ్రద్ధ చేయరాదు. కరచిన కుక్కను చంపక, విడిగా కట్టి పది దినములు కనిపెట్టి చూడవలెను. కుక్కకు మూడు నెలల వయస్సున మొదటి టీకా, పిదప పశువైద్యుని సలహా ప్రకారము ఏటేట టీకా వేయించుట రైతు విధి.

తరువాత కారణము విచారింపుడు. నొప్పి, తిండి, గొలుసు వంటి కారణము కనబడినచో దానిని తొలగింపుడు. చిక్కము తొడుగుట అలవాటు చేయుడు. కారణము కనబడక మరల కరచుచుండినచో, లేక ఇంట పసిబిడ్డలుండి వేరుగా ఉంచు వీలు లేనిచో, ఆ కుక్కను ఉంచుకొనరాదు. సంగతి దాచి మరియొక ఇంటికి ఇచ్చుట ఆ ఇంటి బిడ్డలకు ద్రోహము. పశువైద్యుని కలిసి నిర్ణయింపుడు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. పిల్లను కొనుటకు ముందు తల్లిని చూడుడు.
2. మూడు నుండి పన్నెండు వారముల మధ్య మనుష్యులకు మచ్చిక చేయుడు.
3. గుర్రుమన్న కుక్కను కొట్టక, కారణము వెదకుడు.
4. తినుచున్న కుక్క దగ్గరకు పసిబిడ్డలను పోనీయకుడు.
5. మనిషిని కరచిన కుక్కనుండి పిల్లలను తీయకుడు.
6. ఏటేట టీకా మరువకుడు.