నడినెత్తిన ఎండ, పడకేసిన సోలార్

ఏం చెల్లీ, మిద్దె మీద సోలార్ పెట్టిస్తున్నారంట! మంచి పని చేస్తున్నారు. 3 కిలోవాట్లకు సూర్యఘర్ పథకం కింద కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంటే, పైన రాయవేలూరు ఎండ ఊరికే కాస్తుంటే ఎందుకు వదులుకోవాలి?

అయితే కొన్ని ఇళ్లలో ఒక విచిత్రం జరుగుతుంది. ఎండ బాగా ముదిరిన పన్నెండింటికే ఇన్వర్టర్ ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది. కాసేపటికి తనే లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. ప్యానెళ్లు నకిలీవేమో, కంపెనీవాడు ముంచాడేమో అని ఇంట్లో గొడవ. చాలాసార్లు ప్యానెళ్ల తప్పేం ఉండదు. వీధి లైన్లో వోల్టేజి పెరిగిపోయింది, అంతే.

వోల్టేజి బాధ అంటే మనకు తెలిసింది తక్కువ కావడమే కదా. మే నెల రాత్రి ఫ్యాను నీరసంగా తిరగడం, ఫ్రిజ్ మూలగడం, స్టెబిలైజర్ టకటకలాడటం. ఎక్కువ కావడం కొత్త జబ్బు. పల్లం నుంచి మెరకకు నీళ్లు పారవు చూడు, కరెంటూ అంతే. నీ ఇన్వర్టర్ లైన్లోకి కరెంటు తోయాలంటే లైను కన్నా కొంచెం ఎక్కువ వోల్టేజి పెట్టాల్సిందే. వీధిలో అందరూ ఒకేసారి తోస్తే, ఆ మధ్యాహ్నం వాడేవాళ్లు తక్కువగా ఉంటే, లైను మొత్తం పైకి లేస్తుంది. మనకు ఉండాల్సింది 230 వోల్టులు. 2013 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అందులో 110 శాతం, అంటే 253 దాటితే ఇన్వర్టర్ 2 సెకన్లలో లైన్ నుంచి విడిపోవాలి. అది చెడిపోలేదు, చెప్పిన మాట వింటోంది.

ఈ కొత్త జబ్బు మూలం పాతది. ముఖ్యమంత్రి కామరాజ్ హయాంలో మన పల్లెలకు కరెంటు బాగా పాకింది. అప్పటి నుంచి వేసిన తీగలన్నీ కరెంటు ఒకవైపే, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికే నడుస్తుందన్న లెక్కతో వేసినవి. వీధి చివరి ఇంటికి రాత్రిళ్లు వోల్టేజి చాలడం లేదని ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి పెంచే, దించే ట్యాప్‌ను ఒక మెట్టు పెంచి పెడతారు. సప్లయి ఆపి చేత్తో మార్చే ట్యాప్ అది, పూటకోసారి మార్చేది కాదు. రాత్రి చివరింటిని కాపాడిన ఆ మెట్టే, మధ్యాహ్నం సోలార్ ఇంటికి శత్రువవుతుంది.

ఇక నీ ఇంట్లో మొదట చూసుకోవాల్సింది తీగ. దీని మీద పది రూపాయలు మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతున్నా. 3 కిలోవాట్ల ఇన్వర్టర్ నుంచి దాదాపు 13 ఆంపియర్లు వస్తాయి. అక్కడి నుంచి మీటరుకు 30 మీటర్లు ఉండి, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగితే, తీగలోనే 6 వోల్టుల దాకా పెరుగుతుంది. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగయితే రెండున్నర వోల్టులే. మీటరు దగ్గర 248 ఉందనుకో. సన్న తీగతో ఇన్వర్టర్‌కు 254 కనిపించి ఆగిపోతుంది, లావు తీగతో 250 చిల్లర కనిపించి నడుస్తూ ఉంటుంది. అసలు ఇన్వర్టర్‌ను మీటరు పక్కనే పెట్టించుకుంటే ఈ లెక్కే అక్కర్లేదు. ఎండ సూటిగా పడని చోట మాత్రం పెట్టించు.

రెండోది, పనుల వేళ మార్చుకోవడం. బోరు మోటారు, వాషింగ్ మిషను, గ్రైండరు, ఇస్త్రీ, అన్నీ పదకొండు నుంచి రెండు లోపల పెట్టుకో. ఇంట్లోనే వాడేసిన కరెంటు లైన్‌ను పైకి నెట్టదు. మరమగ్గాలున్న ఇళ్లకు ఈ తంటా తక్కువ, పగలు మగ్గం తాగేస్తుంది. మగ్గాలు ఆగే సెలవు రోజున మాత్రం మీటరు మీద ఓ కన్నేసి ఉంచు. గీజర్ కూడా మంచి లోడే, కానీ మన ఊరి మే నెలలో వేన్నీళ్లు పోసుకునేదెవరులే!

ఇన్వర్టర్ కొనేముందు ఒక్క ప్రశ్న అడగాలి: వోల్టేజి పెరిగేకొద్దీ ఉత్పత్తిని మెల్లగా తగ్గించుకునే ఏర్పాటు, రియాక్టివ్ పవర్ లాగి వోల్టేజిని కాస్త దించే ఏర్పాటు ఉన్నాయా అని. ఆస్ట్రేలియాలో 2021 డిసెంబరు నుంచి కొత్త ఇన్వర్టర్లకు ఈ రెండూ తప్పనిసరి. మన సన్నటి వీధి లైన్లలో రెండోదాని బలం అంతంత మాత్రమే, మొదటిది మాత్రం బంగారం. మొత్తం ఆగిపోవడం కన్నా మూడొంతుల్లో రెండొంతులు వచ్చినా లాభమే కదా.

ఒక్కోచోట పెట్టడానికొచ్చిన కుర్రాడు, "అక్కా, 253ని 270 చేసేస్తా, ఇక ఆగదు" అంటాడు. ఒప్పుకోవద్దు. ఆ 270 నీ ఫ్రిజ్‌కూ, పక్కింటి టీవీకీ కూడా వెళుతుంది. ఇన్వర్టర్‌కూ లైన్‌కూ మధ్య స్టెబిలైజర్ పెట్టమన్నా వద్దను.

ఇవన్నీ చేసినా ఆగుతుంటే బంతి కరెంటు బోర్డు (ఈబీ) కోర్టులో ఉన్నట్టే. వీధిలో సోలార్ ఇళ్లన్నీ ఒకే ఫేజు మీద పడి ఉంటే మూడు ఫేజుల మీదకు సర్దాలి, ట్యాప్ ఒక మెట్టు దించాలి, లేదా తీగ మార్చాలి. ఊరికే "కరెంటు సరిగా లేదక్కా" అంటే లైన్‌మ్యాన్ సాయంత్రం వచ్చి చూస్తాడు, అప్పుడు వోల్టేజి మామూలుగానే ఉంటుంది. ఇన్వర్టర్ యాప్‌లో ఆగిన తేదీ, టైము, వోల్టేజి నమోదవుతాయి. వాటి ఫొటోలు తీసి, ఆగిన ప్రతిసారీ ఎంత చూపించిందో కాగితం మీద రాసి, ఈబీ ఫిర్యాదుల కేంద్రం మిన్నగంలో ఫిర్యాదు నంబరు తీసుకో. మధ్యాహ్నం పన్నెండుకే వచ్చి కొలవమని అందులోనే రాయించు.