పాఠం 9: మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైళ్ల బ్యాకప్ ప్రణాళిక

లక్ష్యాలు
ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• బ్యాకప్ అవసరాన్ని చెప్పగలుగుతారు;
• పూర్తి బ్యాకప్‌కు, ఇంక్రిమెంటల్ బ్యాకప్‌కు తేడా వివరించగలుగుతారు;
• ఒక వారానికి బ్యాకప్ పట్టిక వేయగలుగుతారు.

9.1 పరిచయం
మీరు దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్‌లో ఉంటున్నారు. పొదుపు ఖాతాలో 500 రూపాయలు కట్టారు. ఆ బ్యాంకు లెక్కలు ఒక మెయిన్‌ఫ్రేమ్‌లో, అంటే వేలమంది పనిని ఒకేసారి చేసే పెద్ద కంప్యూటరులో ఉన్నాయనుకుందాం. దాని డిస్కు పాడైతే మీ సొమ్ము లెక్క ఏమవుతుంది? ముందుగా తీసి దాచిన నకలే ఆధారం. ఈ నకలునే బ్యాకప్ అంటారు.

9.2 రెండు ప్రశ్నలు
ప్రణాళిక వేసేవారు ముందుగా రెండు విషయాలు తేల్చుకోవాలి.
1. ఎంత పని పోయినా తిరిగి చేసుకోగలం?
2. ఎంతసేపు పని ఆగినా ఫరవాలేదు?
రోజుకొకసారి నకలు తీస్తే ఒక రోజు పని పోవచ్చు. బ్యాంకుకు అది కుదరదు. అందుకే ప్రతి లావాదేవీని వేరే డిస్కులోని లాగ్ ఫైలులో కూడా రాస్తారు.

9.3 బ్యాకప్ రకాలు
అన్ని ఫైళ్లకూ నకలు తీస్తే పూర్తి బ్యాకప్. గత బ్యాకప్ తర్వాత మారిన వాటికే తీస్తే ఇంక్రిమెంటల్ బ్యాకప్. దీనికి సమయం, టేపు తక్కువ పడతాయి.

ఉదాహరణ: ఆదివారం రాత్రి పూర్తి బ్యాకప్, మిగతా రాత్రులు ఇంక్రిమెంటల్. గురువారం ఉదయం డిస్కు పాడైంది. ఆదివారం టేపు, తర్వాత సోమ, మంగళ, బుధవారాల టేపులు వరుసగా ఎక్కించాలి.

గమనిక: నకలు తీస్తుండగా ఫైలు మారితే సగం పాతది, సగం కొత్తది వస్తుంది. కనుక ఆ కాసేపు రాతలను ఆపాలి.

9.4 ఎక్కడ దాచాలి?
2004 డిసెంబరు 26న భూకంపం, సునామీ ఈ దీవులను దెబ్బతీశాయి. కంప్యూటరు, టేపులు ఒకే భవనంలో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. ఒక నకలు దూరంగా ఉండాలి. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ మీదుగా నకలును ప్రధాన భూభాగానికి పంపవచ్చు. కేబుల్ తెగినా పని సాగడానికి దగ్గర మరొకటి ఉంచుకోవాలి.

9.5 పరీక్షించి చూడటం
టేపు బీరువాలో ఉన్నంత మాత్రాన ధీమాగా ఉండకూడదు. అప్పుడప్పుడు వేరే డిస్కు మీదికి ఎక్కించి, లెక్కలు సరిపోయాయో లేదో చూడాలి.

పాఠ్యగత ప్రశ్న
పై ఉదాహరణలో మంగళవారం టేపు పనిచేయలేదు. ఏ రోజు లెక్కలను నమ్మవచ్చు?

జవాబు
సోమవారం రాత్రి వరకే. బుధవారం టేపు ఎక్కించినా, మంగళవారం మాత్రమే మారిన ఫైళ్లు పాతవిగానే ఉంటాయి.