మరణాన్ని తలచుకోవడం – జీవితాన్ని దిద్దుకోవడం

ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు వచ్చిందని తెలిసిన రోజు నుండి కుటుంబమంతా ఒక ప్రశ్నను గుండెల్లో మోస్తూనే ఉంటుంది. దాన్ని పైకి మాత్రం అడగరు. ఎవరైనా మరణం మాట ఎత్తితే, "తథాస్తు దేవతలుంటారు, అలాంటి మాటలు అనకు" అని నోరు మూయిస్తాము. అది ప్రేమతో చేసే పనే. అయితే ఆ మౌనం వల్ల మనం ఏమి పోగొట్టుకుంటున్నామో ఈ పాఠంలో ఆలోచిద్దాం.

మరణాన్ని తలచుకోవడం అంటే ఏమిటి?

దిగులుపడడం వేరు, తలచుకోవడం వేరు. దిగులు మనిషిని మంచానికి కట్టేస్తుంది. తలచుకోవడం అంటే "నాకున్న కాలం కొలత గలది, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలి?" అని అడగడం. నెల జీతం ఎంతో తెలిసిన ఇల్లాలు ఏది ముందు, ఏది తరువాత అని ఎలా సర్దుకుంటుందో, కాలం కొంచెమేనని తెలిసిన మనిషి కూడా అలాగే సర్దుకుంటాడు. ఆయుష్షు చిన్నదని గుర్తుంచుకునే జ్ఞానం కోసం బైబిలులోని 90వ కీర్తనలో ప్రార్థన ఉంది. బౌద్ధులకు మరణస్మృతి ఒక సాధన. పుట్టినవాడు గిట్టక తప్పదని మన పెద్దలు ఊరికే అనలేదు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా కార్‌స్టెన్‌సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయాన్ని చాలా ఏళ్ళు పరిశీలించారు. కాలం తక్కువగా ఉందని గ్రహించినవారు పరిచయాలు పెంచుకోవడం కన్నా, తమకు దగ్గరివారితో గడపడానికే మొగ్గు చూపుతారని ఆమె గమనించారు. వయసు మళ్ళినవారిలోనే కాదు, జబ్బుపడిన యువకుల్లోనూ ఇదే కనిపించింది.

ఒక కిటికీ కథ

1948లో లండన్‌లోని ఒక ఆసుపత్రిలో డేవిడ్ టాస్మా అనే పోలండు దేశస్థుడు క్యాన్సర్‌తో మరణానికి దగ్గరగా ఉన్నాడు. అతనికి అక్కడ నా అనేవారు లేరు. తన బ్రతుకు ఏ గుర్తూ లేకుండా పోతుందని బాధపడ్డాడు. రోగుల కష్టసుఖాలు చూసే సిసిలీ సాండర్స్ అతని దగ్గర కూర్చుని మాట్లాడేది. చనిపోయేవారు నొప్పి లేకుండా, గౌరవంగా ఉండే ఇల్లు ఒకటి కావాలని ఇద్దరూ అనుకున్నారు. ఆ ఇంట్లో తానొక కిటికీగా ఉంటానని చెప్పి, అతను 500 పౌండ్లు ఆమెకు వదిలి వెళ్ళాడు.

అంతకు ముందు నర్సుగా పనిచేసిన సాండర్స్, ఆ తరువాత వైద్యం చదివి డాక్టరయింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభమైంది. కిటికీ చుట్టూ ఇల్లు కట్టడానికి 19 ఏళ్ళు పట్టింది! 2005లో ఆమె కూడా అక్కడే కన్నుమూసింది. నేడు మన దేశంలోనూ నడుస్తున్న పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన చికిత్సకు, ఆమె పని పునాది వేసింది. ఏమీ లేదనుకున్న మనిషి చివరి రోజుల్లో చేసిన ఆలోచన వల్ల ఎందరికి మేలు జరిగిందో చూడండి.

చెబితే క్రుంగిపోరా?

చాలామంది భయం ఇదే. "నిజం చెబితే మా నాన్న బెంగతోనే పోతాడు" అంటారు. 2010లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జరిగిన ఒక పరిశోధన ఫలితం ప్రచురించారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మంది అందులో ఉన్నారు. కొందరికి మామూలు చికిత్సతో పాటు మొదటి నుండే ఉపశమన వైద్యులు నొప్పి తగ్గిస్తూ, జబ్బు గురించీ వారి కోరికల గురించీ మాట్లాడారు. వారిలో క్రుంగుబాటు తక్కువగా కనిపించింది. రెండవ గుంపువారు మధ్యస్థంగా 8.9 నెలలు జీవిస్తే, వీరు 11.6 నెలలు జీవించారు. అన్ని జబ్బుల్లో ఇలాగే జరుగుతుందని చెప్పలేము. కాని మంచి వైద్యం అందుతూ ఉండగా మనసు విప్పి మాట్లాడడం ఆయుష్షు తగ్గిస్తుందన్న భయానికి ఇక్కడ ఆధారం దొరకలేదు.

నిజానికి, రోగికి చాలావరకు తెలిసే ఉంటుంది. మీ ముఖాలు చూసి గ్రహిస్తారు. మీరు బాధపడతారని వారు మాట్లాడరు, వారు బాధపడతారని మీరు మాట్లాడరు. ఒకే గదిలో ఉండి ఇద్దరూ ఒంటరివారవుతారు. కూతురితో చెప్పాలనుకున్న మాట, తమ్ముడితో తీర్చుకోవాలనుకున్న తగవు అలాగే మిగిలిపోతాయి. ఆ లోటు తరువాత కుటుంబాన్ని ఏళ్ళ తరబడి బాధిస్తుంది.

మీరు చేయగలిగినవి

1. ముందు వినండి. "నాన్నా, డాక్టరుగారు చెప్పినది విన్నాక మీ మనసులో ఏముంది?" అని అడిగి ఊరుకోండి. మాట్లాడడం ఇష్టం లేదంటే బలవంతం చేయకండి. ఎంత తెలుసుకోవాలో నిర్ణయించే హక్కు వారిదే.

2. నాలుగు మాటలు చెప్పుకోండి: నన్ను క్షమించు, నిన్ను క్షమించాను, నీకు కృతజ్ఞతలు, నువ్వంటే నాకు ప్రేమ. మనవాళ్ళు ఇవి నోటితో చెప్పడానికి సిగ్గుపడతారు. చేయి పట్టుకుని చెప్పినా చాలు.

3. చిన్న కోరికలు తీర్చండి. సొంత ఊరు చూడాలని, పాత స్నేహితుణ్ణి పిలిపించమని, ఇంటి వంట తినాలని అడగవచ్చు. డాక్టరును సంప్రదించి, వీలైనవి ఈ వారమే చేయండి.

4. నొప్పిని భరించమనకండి. నొప్పితో ఉన్న మనిషి దేనినీ ఆలోచించలేడు. మార్ఫిన్ వంటి మందులు డాక్టరు సలహాతో వాడితే ఎంతో ఉపశమనం ఉంటుంది.

5. కాగితాలు సరిచూడండి. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు అవసరం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చివరి దశలో ఏ చికిత్స వద్దో ముందుగా వ్రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది.

6. పిల్లలను దూరంగా ఉంచకండి. తాతయ్యకు జబ్బుగా ఉందని వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి.

జాగ్రత్త

రోగి గాని, సేవ చేస్తున్నవారు గాని రోజుల తరబడి నిద్ర, తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, చనిపోవాలని ఉందని అన్నా వెంటనే డాక్టరుకు గాని నర్సుకు గాని తెలియజేయండి. అది క్రుంగుబాటు అనే వ్యాధి కావచ్చు. దానికి చికిత్స ఉంది.

మీ సంగతి

ఈ పాఠం రోగికి మాత్రమే కాదు. మంచం ప్రక్కన కూర్చున్న మీరు కూడా ఒక రోజు వెళ్ళవలసినవారే. ఇన్నాళ్ళూ పెద్దవిగా కనిపించిన గట్టు తగాదా, పెళ్ళిలో జరిగిన అవమానం ఆసుపత్రిలో ఎంత చిన్నవిగా కనిపిస్తున్నాయో మీకే తెలుసు. ఇంటికి వెళ్ళాక ఆ చూపును పోగొట్టుకోకండి. వాయిదా వేస్తున్న మీ రక్తపోటు, షుగరు పరీక్షలు చేయించుకోండి. పొగాకు, మద్యం మానండి. మాటలు లేని అన్నదమ్ముడికి ఫోను చేయండి.

ఈ రాత్రి ఆలోచించండి

• మా ఇంటి రోగి నాతో చెప్పాలనుకుని ఆగిపోతున్న మాట ఏమిటి?
• నేను ఎవరికి క్షమాపణ చెప్పవలసి ఉంది?
• ఇంకా ఒక్క సంవత్సరమే ఉందని తెలిస్తే నేను ఏ పని మానేస్తాను? ఏ పని మొదలుపెడతాను?

మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబును ఒక కాగితం మీద వ్రాసి, అందులో ఒక్కటైనా రేపే మొదలుపెట్టండి.