మోకాలి లిగమెంట్ తెగితే ఏ నరం తీసి వేయించుకోవాలి?



పండుగ రోజుల్లో మన పల్లెల్లో కబడ్డీ పోటీలు జరుగుతుంటాయి. పాదం నేలకు ఆని ఉండగా ఒళ్లు ఒక్కసారిగా తిరిగి, మోకాల్లో 'టప్' మని చప్పుడై, కొన్ని గంటల్లో వాపు వచ్చిందంటే లోపలి ఏ.సి.ఎల్. అనే లిగమెంట్ తెగి ఉండవచ్చు. చాలామంది నాటు కట్టు కట్టించుకుని ఊరుకుంటారు. వాపు తగ్గుతుంది గాని మోకాలు జారడం మానదు. జారిన ప్రతిసారీ కీలు మధ్యనున్న మెత్తటి పొర చిరిగే ప్రమాదం ఉంది. ఎక్స్‌రేలో లిగమెంట్ కనబడదు. దానికి ఎం.ఆర్.ఐ. స్కాన్ కావాలి.

అందరికీ ఆపరేషన్ అవసరమా?

అవసరం లేదు. వ్యాయామంతోనే మోకాలు నిలకడపడి, మామూలు పనులు చేసుకునేవారు ఉన్నారు. మోకాలు జారుతూనే ఉన్నవారికి, ఆటలాడే యువకులకు ఆపరేషన్ మేలు. 1994లో పుల్లెల గోపీచంద్‌కు ఆటలో ఈ లిగమెంటే తెగింది. ఆయన ఆపరేషన్లు చేయించుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు.

కొత్త లిగమెంట్ ఎక్కడి నుండి వస్తుంది?

తెగినదాన్ని కుట్టినా సాధారణంగా అతకదు. అందుకే మన ఒంటిలోనే మరోచోటి టెండన్ తీసి అక్కడ అమరుస్తారు. వాడుకలో దీన్నీ 'నరం' అంటాం గాని, ఇది స్పర్శ తెలిపే నరం కాదు. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే గట్టి పీచు.

1. తొడ వెనకది: గాటు చిన్నది, మోకాలి ముందు నొప్పి తక్కువ. కాలు వెనక్కి మడిచే బలం కొంత తగ్గుతుంది. కొందరిలో ఇది సన్నగా ఉంటుంది.

2. మోకాలి చిప్ప కిందది: రెండు కొసల ఎముక ముక్కలతో తీస్తారు కనుక త్వరగా అతుకుతుంది. గట్టి ఆటగాళ్లకు మంచిది. అయితే మోకాళ్లపై ఆనితే నొప్పి రావచ్చు.

3. చిప్ప పైది: మందంగా ఉంటుంది. తొడ ముందు కండరం కోలుకోవడానికి సమయం పడుతుంది.

4. చీలమండ పక్కది: మన దేశంలో కొందరు సర్జన్లు వాడుతున్నారు. చీలమండ బలం కొంత తగ్గవచ్చు.

5. మరణించిన దాతది: మన ఒంటిపై అదనపు గాటు ఉండదు. కాని యువకుల్లో మళ్లీ తెగే అవకాశం ఎక్కువ.

మనకు ఏది తగును?

అందరికీ ఒకటే మేలని చెప్పలేము. మోకాళ్లూని ప్రార్థించేవారు, నేల మీద వంగి కలుపు తీసేవారు, బండలు పరిచేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. వారికి రెండవది ఇబ్బంది కావచ్చు. వేగంగా పరుగెత్తేవారు, తొడ వెనక కండరం ఇదివరకే దెబ్బతిన్నవారు కూడా చెప్పాలి. "మీరు ఎక్కువగా ఏది చేస్తారు? నాకు అదే ఎందుకు?" అని అడగడానికి మొహమాటపడవద్దు.

ఇంటివారికి ఒక మాట

అమర్చిన నరం సుమారు 6 నుండి 12 వారాల మధ్య చాలా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి తగ్గి, "బాగైంది కదా, పొలం పోదాం" అనిపిస్తుంది. అక్కడే చాలామంది మోసపోతారు. 9 నెలలు నిండి, కాలి బలం పరీక్షించి డాక్టరు సరేననేదాకా కబడ్డీ వద్దు. ఏ నరం వేయించుకున్నా, రోజూ వ్యాయామం చేస్తేనే అది మనదవుతుంది.