బొమ్మ ఎవరిది - వెబ్‌సైటుదా, ఫోనుదా?

బెంగళూరులో బి.సి.ఎ. చదువుతున్న మా మనవరాలు కాలేజీ ప్రాజెక్టు కోసం ఒక వెబ్‌సైటు తయారు చేస్తోంది. "తాతయ్యా, ఎమోజీలకు నేనే సొంత బొమ్మలు పెట్టాలా, ఎవరి ఫోనులో ఉన్నవి వారికి కనిపించనివ్వాలా?" అని అడిగింది. నేను కామర్సు చదివిన బ్యాంకు గుమాస్తాను. నాకు తెలిసిన ఉదాహరణ రూపాయిదే.

2010 జూలై 15న కేంద్ర మంత్రివర్గం రూపాయి కొత్త గుర్తును ఆమోదించింది. కీబోర్డులో దానికి చోటు లేదు. కొద్ది రోజుల్లోనే మంగళూరుకు చెందిన ఫొరేడియన్ సంస్థ ఒక ఫాంటును ఉచితంగా ఇచ్చింది. ట్యాబ్‌కు పైనున్న మీట నొక్కితే రూపాయి గుర్తు పడేది. నేను సంబరపడి, మేనల్లుడి ఫీజు లెక్క అందులో టైపు చేసి పంపాను. వాళ్ల కంప్యూటరులో ఆ ఫాంటు లేదు. అంకెల ముందు రూపాయికి బదులు చిన్న ఏటవాలు గీత కనిపించింది. బావగారు దాన్ని తీసివేత గుర్తు అనుకుని, కట్టవలసిన సొమ్మును తగ్గింపుగా లెక్క వేసుకున్నారు. గడువుకు రెండు రోజుల ముందు ఫోనులో మాట్లాడుకుంటే గాని సంగతి బయటపడలేదు. మన పాత 'రూ.' ఎన్నడూ ఇలా మోసం చేయలేదు!

ఆ ఫాంటు పైరూపాన్ని మార్చిందే గాని లోపలి అక్షరం పాతదే. 2010 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ 6.0లో రూపాయికి సొంత సంఖ్య దక్కింది. ఎమోజీలు పెద్ద ఎత్తున చేరినదీ అందులోనే. ఆ సంఖ్య ఖాతా నంబరు వంటిది. ఫోను దాన్ని చూసి తన దగ్గరున్న బొమ్మను చూపుతుంది.

అలాగని ఫోను బొమ్మలను పూర్తిగా నమ్మలేము. కళ్లతో నవ్వుతూ పళ్లు చూపే ముఖం ఒకటుంది. అప్పటి యాపిల్ బొమ్మను జనం బాధగా, ఇతర కంపెనీల బొమ్మలను సంతోషంగా తీసుకుంటున్నట్టు 2016లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. 2019లో చేరిన చీర, ఆటో పాత ఫోన్లలో ఖాళీ గడిగా కనిపిస్తాయి. సొంత బొమ్మలు పెట్టేవారి వాదనలో బలం ఇదే. ట్విట్టర్ అలా వాడిన బొమ్మలను 2014లో అందరికీ ఉచితంగా ఇచ్చింది కూడా.

మనుషులు రాసుకునే మాటల్లో ఫోను బొమ్మనే ఉండనిమ్మన్నాను. వేరే బొమ్మ దిగుమతి కానక్కరలేదు, డేటా మిగులుతుంది. సొంత బొమ్మ తప్పదనుకుంటే దాని వెనుక అసలు ఎమోజీని గాని, ఒక మాటను గాని ఉంచమన్నాను. చూపులేని విద్యార్థికి కంప్యూటరు దాన్ని చదివి వినిపిస్తుంది. ఫీజు, గడువు, దరఖాస్తు అందిందా లేదా అన్నవి మాత్రం ఏ బొమ్మకూ వదలకుండా మాటల్లో రాయమన్నాను.

"మరీ బ్యాంకు ఫారంలా ఉంటుంది తాతయ్యా" అంది. ఉండనీ అన్నాను.