బల్బు మార్చేముందు

ఇళ్లలో కరెంటు పని చేస్తూ తల నెరిసినవాణ్ణి. గుండు బల్బు పోయి సీఎఫ్ఎల్, అదీ పోయి ఎల్ఈడీ రావడం నా చేతుల మీదుగానే జరిగింది. కొత్తగా కాపురం పెట్టే పిల్లలకు ఈ నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

1. ఎక్కువసేపు వెలిగే బల్బును ముందు మార్చండి. 60 వాట్ల గుండు బల్బు రోజూ 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి యూనిట్టున్నర కూడా కాదు. సామాన్ల గదిలో ఎప్పుడో ఒకసారి వేసే పాత బల్బు మాడిపోయేదాకా ఉండనివ్వండి.

2. స్విచ్చి ఆపినా ఎల్ఈడీ మసక మసగ్గా వెలుగుతోందా? బల్బును తిట్టుకోకుండా వైరింగు చూపించండి. ఒక్కోసారి స్విచ్చి ఫేజు తీగకు బదులు న్యూట్రల్ మీద ఉంటుంది. అప్పుడు బల్బుకు చేరే కొద్దిపాటి కరెంటుకు గుండు బల్బు వెలగదు కనుక ఆ లోపం ఏళ్ల తరబడి బయటపడదు. స్విచ్చి ఆపేశాం కదా అని స్టూలెక్కి హోల్డరులో వేలు పెడితే ఫేజు కొడుతుంది. ప్రాణం మీదికొచ్చే సంగతి ఇది. ఇండికేటరు ఉన్న స్విచ్చి వల్లా అలా వెలగొచ్చు. ఏది కారణమో ఎలక్ట్రీషియన్ తేల్చాలి. ఏ బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపాకే చెయ్యి పెట్టండి.

3. పాత జీరో బల్బు 12 నుంచి 15 వాట్ల దాకా లాగుతుంది. దేవుడి గదిలో రాత్రంతా వెలిగితే నెలకు నాలుగు యూనిట్ల పైమాటే. అక్కడ అర వాటు ఎల్ఈడీ చాలు.

4. ధర చూసి జంకే రోజులు పోయాయి. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ 2014లో 310 రూపాయలకు కొన్న ఎల్ఈడీ, 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఉజాలా పథకం కింద టోకున కొనడమే అందుకు ముఖ్య కారణం. ఆంధ్రప్రదేశ్‌లో మొదట గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంటికి రెండేసి బల్బులు, ఒక్కోటి 10 రూపాయలకే ఇచ్చారు. నా దృష్టిలో సామాన్యుడికి నేరుగా అందిన మంచి పనుల్లో అదొకటి.

5. అట్ట మీద వాట్లతో పాటు ల్యూమెన్లూ చదవండి. వెలుగెంతో చెప్పేది ఆ అంకే.

6. ఎల్ఈడీ తొందరగా పోతే ఎక్కువసార్లు లోపలి డ్రైవరే చెడి ఉంటుంది. దానికి వేడి పడదు. గాలాడని గాజు డోములో బిగించకండి.

7. పొదుపు పేరుతో పెద్దవాళ్ల గదిలో వెలుగు తగ్గించకండి. వయసు మీదపడిన కళ్లకు మీకంటే ఎక్కువ వెలుగు కావాలి. మెట్ల దగ్గరా, బాత్రూముకు వెళ్లే దారిలోనూ రాత్రంతా చిన్న దీపం ఉండాల్సిందే.

8. పాత సీఎఫ్ఎల్‌లో కొద్దిగా పాదరసం ఉంటుంది. అది పగిలితే పిల్లల్ని బయటికి పంపి, ఫ్యాను ఆపి, కిటికీలు తెరవండి. కాసేపయ్యాక చీపురు వాడకుండా ముక్కల్ని గట్టి అట్టతో ఎత్తి, తడి కాగితంతో తుడిచి, మూతున్న డబ్బాలో వేసి పెట్టండి.